కొట్టంలో గృహప్రవేశం

మొన్న చీరలు కొనడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఒక జంట, మా ఇంటి రాతిగోడలను తడిమి తడిమి చూసి, ఈ ఇంటికి ప్లాను ఎవరు గీశారని అడిగితే, మా ఆవులూ బర్రెలూ గీశాయమ్మా అని చెప్పి పగలబడి నవ్వాను. పాపం, వాళ్లు నమ్మలేదు. నా ఈడు వాళ్లు మీరైతే నమ్ముతారు, కొట్టం వాసన ఎరిగిన ముక్కులు కదా మనవి.

తెలంగాణ వచ్చిన కొత్తలో, మా నారాయణపేటలో అన్నదమ్ములు వేరుపడినప్పుడు, మా బావగారికి వీధి వైపు ఇల్లు వచ్చింది, మాకు వెనకాల పశువుల కొట్టం వచ్చింది. బావగారు నేత మానేసి ఎప్పుడో కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. మగ్గం నేసేది మా ఆయన ఒక్కడే, ఆ మగ్గానికి జాగా లేకుండా పోయింది కూడా ఆయనకే. ఇంకేముంది, హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మెన్‌గా పోదామని మూట కట్టి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒకసారి పోయి గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడంటే ఆ చేతులు మళ్లీ మగ్గం మీద నాడె పట్టవని నాకు తెలుసు. కొట్టాన్నే ఇల్లు చేసుకుందామన్నాను. ఆ మాట విని మా ఏరాలు, అంటే బావగారి భార్య, వాకిట్లో నిలబడి వాడంతా వినేటట్టు అందుకుంది.

“బర్లుండే జాగల మనుషులు కాపురం జేస్తరానే? మా పరువు దీస్తున్నరు గదా!”

నేనేం తక్కువ తిన్నానా? మా ఆయన వైపు తిరిగి, “ముందుగాల మగ్గం వెట్టు. నడవకుంటె నేనే నిన్ను బస్సెక్కిస్త” అన్నాను.

ఏళ్లనాటి పేడమన్ను తవ్వి పారబోసి మొరం పోశాం, దాని మీద షాబాదు బండలు పరిచాం, తెరిచి ఉన్న ముందువైపు ఇటుకగోడ కట్టి తలుపు పెట్టాం, పశువులు గడ్డి తినే రాతి గాడిని మన్నుతో నింపి పైన బండ వేస్తే పొయ్యి గట్టు అయింది. వాలుగా ఉన్న నేల కూడా మేలే చేసింది, ఎన్ని నీళ్లు పోసి కడిగినా చుక్క నిలవదు. ఒక పక్కన గుంట తవ్వి మగ్గం దించాం. పాత ఇంట్లో ఎండాకాలం వస్తే పోగులు పుటుక్కు పుటుక్కున తెగి ప్రాణం తీసేవి; ఈ మందపాటి గోడల మధ్య చల్లదనానికి, కాస్త చెమ్మకు, నూలు మెత్తబడి హాయిగా సాగింది. మొదటి రోజు మా ఆయన పొద్దంతా నేశాడు. సాయంత్రం లేచి, కట్టిన మూట విప్పి అందులోని లుంగీ తీసి కట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఇక గృహప్రవేశం. ముందు ఆవు అడుగుపెట్టాలి కదా, పంపకాల తర్వాత మాకు మిగిలిన ఒకే ఒక్క ముసలావు మా ఏరాలి వాకిట్లో ఉంది. మా అత్త గట్టిగా చెబితే, ఏరాలు గొణుక్కుంటూనే పట్టుకొచ్చింది. చుట్టాలందరూ మూతులు బిగించి చూస్తున్నారు. ఆవు గడప దగ్గర కొత్త సున్నం వాసన చూసి కాసేపు ఆగింది. ఆ తర్వాత ఎవరూ తోలకుండానే లోపలికి నడిచి, మగ్గాన్ని తప్పుకుని, ఒకప్పుడు తనను కట్టేసిన మూలకు పోయి నింపాదిగా పడుకుని నెమరు వేయడం మొదలుపెట్టింది! పూజ చేయించే అయ్యగారు అరటిపండు చూపించాడు, బెల్లం చూపించాడు, మా ఏరాలు తాడు పట్టి లాగింది, ఊహూ, కదిలితేనా!

మా అత్త బోసినోటితో నవ్వి, “దానింటికి అదొచ్చింది బిడ్డా, మీరే కిరాయికొచ్చిన్రు” అంది.

అంతే, ఇల్లంతా ఒకటే నవ్వులు. మా ఏరాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆపుకోజూసింది, ఆగలేదు, ఆవు పక్కనే కూలబడి దాని గంగడోలు నిమిరింది.

“నా తాన ఉన్నన్ని దినాలు గిట్ల నిమ్మలంగ పండనే లేదు గదవే” అని, తాడు నా చేతిలో పెట్టింది. ఆ రోజు పాలు పొంగించింది కూడా ఆమే.

ఆ మగ్గం ఈ రోజుకీ ఆడుతోంది. మా వాడలో ఎవరైనా కొట్టాన్ని ఇల్లు చేసుకోవాలంటే ముందు నా దగ్గరికే వస్తారు, నేనూ ఇంజనీరులాగా నడుం మీద చెయ్యి పెట్టుకుని పోయి, ఇక్కడ కిటికీ పెట్టు, అక్కడ పెట్టకు అని పెత్తనం చేసి వస్తాను. కానీ కొట్టాలు ఇలా ఇళ్లవుతూ పోయేసరికి వాడలో ఒక్క పశువూ మిగలలేదు. మా ఆవు పోయి కూడా చాలా ఏళ్లయింది. ఇప్పుడు కొత్త కాలనీలో గృహప్రవేశమంటే ఎక్కడి నుంచో ఆవును ట్రాలీ ఆటోలో కిరాయికి తెస్తున్నారు. నున్నటి టైల్స్ మీద దాని కాళ్లు వణుకుతాయి, ఫొటో తీయగానే బయటికి తోలేస్తారు. ఆ ఇల్లు ఆవుకు తెలియదు, ఆ ఆవు పేరు ఇంటివాళ్లకు తెలియదు. మా ఇంట్లోకి వచ్చిన ఆవుకు ఎవరూ దారి చూపలేదు.