ఫిజిక్స్ సీటు దగ్గర మా నాన్నగారు

ఇంటర్‌లో ఫిజిక్స్ మార్కులు చూసుకుని నాకే సిగ్గేసింది. ప్రాణంలా చదివిన సబ్జెక్టులోనే బొక్కబోర్లా పడ్డాను. యూనివర్సిటీలో ఐదేళ్ళ ఫిజిక్స్ కోర్సుకి ఆ మార్కులతో దరఖాస్తు పెడితే ఎవరూ పట్టించుకోరు. అందుకని ఆ వేసవిలో బెటర్‌మెంట్ పరీక్ష రాయడానికి కూర్చున్నాను.

ఇంటినిండా చుట్టాలు. ఉప్పలగుప్తం దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద ఉన్న రేకుల షెడ్డులో చదివేదాన్ని. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల రొద, పైన కాలే రేకు. నాన్నగారు మేత చల్లి వచ్చి, చేతులు కడుక్కుని, నా పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చునేవారు. ఆయన చదివింది పదో తరగతి. నేను చూడకుండా కాగితం మీద లెక్క రాస్తుంటే, ఆయన పుస్తకంలో ఒక్కో గుర్తు మీదా వేలుపెట్టి సరిచూసేవారు.

"ఇక్కడ పైన బుల్లి రెండు ఉందమ్మా. నువ్వెయ్యలేదు."

ఆ బుల్లి రెండు ఏమిటో ఆయనకి తెలియదు. కానీ వేసవంతా ఒక్కదాన్నీ వదల్లేదు. నేను ఉక్కకి విసుక్కుంటే తాటాకు విసనకర్ర తీసుకుని విసిరేవారు.

మార్కులు పెరిగాయి. కౌన్సెలింగ్‌కి పిలిచారు. లిస్టులో నేను బాగా పైనే ఉన్నాను. రావులపాలెంలో బస్సెక్కి ఇద్దరం వెళ్ళాం. బల్ల వెనక తెల్లజుట్టు పెద్దాయన మర్యాదగానే మాట్లాడారు. నన్ను కాదు, నాన్నగారిని అడిగారు.

"ఫిజిక్స్ కష్టమండీ, చాలామంది మధ్యలో మానేస్తున్నారు. కెమిస్ట్రీ ఇచ్చేయమంటారా?"

"ఆయ్, తమరెలా చెబితే అలాగేనండి," అన్నారు నాన్నగారు చేతులు కట్టుకుని.

మా వైపు పెద్దవాళ్ళు ఏదడిగినా ముందు ఆయ్ అంటాం. వద్దనుకున్నా అక్కడే మొదలుపెట్టి, తర్వాత నెమ్మదిగా నసుగుతాం. అడిగినవాళ్ళు ఆ నసుగుడు కోసం ఆగుతారు. ఆ పెద్దాయనది మా వైపు కాదు. కంప్యూటర్లో మీట నొక్కేశారు, సీటు కాగితం బయటికి వచ్చేసింది.

నాకేం, నోరు లేదా? "ఫిజిక్సే కావాలండీ" అంటే సరిపోయేది. నాన్నగారి మాట కాదన్నట్టవుతుందని నేనూ బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

బయటికొచ్చాక నాన్నగారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. "ఫిజిక్సని లేదేంటమ్మా? మళ్ళీ అడుగుతారనుకున్నానే," అన్నారు. వెనక్కి పరిగెత్తాం. ఒకసారి ఒప్పుకుంటే మార్చడం కుదరదన్నారు. తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. నేను ఏడ్చాను, ఆయనకి కనబడకుండా.

నెల తిరక్కుండా యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో నోటీసు పెట్టారు. ఫిజిక్స్‌లో సీట్లు మిగిలిపోయాయట. ఇప్పటికే చేరినవాళ్ళు అడగకూడదట. హాస్టల్లో మంచం మీద కూర్చుని ఆ నోటీసు ఎన్నిసార్లు చదివానో తెలియదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు కెమిస్ట్రీ మూడో ఏడు. సెలవులకి వెళ్ళినప్పుడు చెరువు దగ్గరికి ఎవరొచ్చినా నాన్నగారు నా చదువు గురించి చెబుతారు.

"ఫిజిక్స్‌లో సీట్లు అయిపోయేయండి. ఒక్కటి మిగిలినా మా అమ్మాయికే ఇచ్చేవారండి."

చెప్పి, నిజమేనా అన్నట్టు నా వైపు చూస్తారు. అవునని తల ఊపుతాను.