అత్తవారి సందు మలుపు

మా పెద్దబావ తిరుమలరావుది టెక్కలి. ఏడు సీట్ల పాత డీజిలు బండి ఒకటి ఉంది, పెళ్ళిళ్ళకీ ఆసుపత్రులకీ కిరాయికి తిప్పుతాడు. మంచివాడా అంటే మంచివాడే. మా నాన్న పోయినప్పుడు పాడె కట్టడం దగ్గర్నించి పన్నెండో రోజు భోజనాల దాకా అన్నీ నెత్తిన వేసుకున్నాడు. కానీ ఆ మనిషి కడుపులో ఎప్పుడూ ఓ మంట మండుతూనే ఉంటుంది. ఊరందరి మీదా కాదు, ఒక్కడంటే ఒక్కడి మీద. ఆ ఒక్కడూ మా చిన్నబావ ఉమాశంకర్.

చిన్నబావకి కొత్తవలసలో మందుల షాపు. చిన్న ఎర్ర కారు. పాతపట్నంలో మా ఇల్లు ఇరుకు సందులో ఉంది, సందు మొదట్లోనే మోచెయ్యి వంచినట్టు ఒక మలుపు. ఎర్రకారు ఆ మలుపుని ఒక్క తిప్పుకే తిరిగేసి గేటు ముందు ఆగుతుంది. హారన్ వినపడితే చాలు, మా అమ్మ నారాయణమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెడుతుంది. "రా నాయినా, ఎండన పడొచ్చినావు" అంటూ అల్లుడి కాళ్ళ మీద తనే నీళ్ళు పోస్తుంది.

పెద్దబావ బండి ఆ మలుపు తిరగదు. ముందుకీ వెనక్కీ ఎంత ఆడించినా గోడకి గీసుకోవడమే. అందుకని బండి రోడ్డు మీద వదిలేసి, సంచులు మోసుకుంటూ నడిచొచ్చి, పెరట్లోకి పోయి కుళాయి కింద తనే కాళ్ళు కడుక్కుంటాడు. వచ్చినట్టు కూడా సగం మందికి తెలీదు. ఆయన మాత్రం గేటు దగ్గర తడినేల చూసే లోపలికొస్తాడు. చూసిన రోజు అన్నం సరిగ్గా తినడు.

"ఆడి కాళ్ళే కాళ్ళేటిరా? నావి కర్రలేటి?" అన్నాడు నాతో ఓసారి.

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది కాబోలు, ఆ మర్నాడే శ్రీకాకుళంలో ఎల్లాజీ షెడ్డుకి వెళ్ళాడు. కార్లని మైదానాల్లో గిరగిరా తిప్పే పోటీల కుర్రాళ్ళకి ముందు చక్రాల పని చేసిపెడతాడు ఎల్లాజీ.

"నా బండి సెక్రాలు ఇంకా తిరగాల" అన్నాడు బావ.

"ఏటి బావా, పోటీలకి ఎల్తావేటి?"

"అత్తోరింటికి ఎల్తాను."

స్టీరింగు నుంచి వచ్చే కడ్డీ, చక్రానికున్న ఇనప చేతిని పట్టుకుని లాగుతుంది. ఆ చెయ్యి ఎంత పొట్టిగా ఉంటే చక్రం అంత ఎక్కువ తిరుగుతుంది. ఎల్లాజీ రెండు పక్కలా ఆ చేతుల్ని కోసి, పొట్టి చేసి, వెల్డింగు పెట్టాడు. తిరిగిన టైరు లోపల రేకుకి రాసుకోకుండా, చక్రాన్ని మోసే కింది ఆర్మ్‌ని కాస్త పొడిగించి చక్రాల్ని బయటికి జరిపాడు. ఇక మిగిలింది చక్రం ఓ హద్దు దాటకుండా అడ్డుపడే ఇనప బొడిపె. దాన్ని సగమే అరగదీసి ఆపాడు.

"ఇది ఉండనీ బావా. మరీ తిప్పేస్తే కడ్డీ, సెయ్యి ఒక్క గీత మీదికొచ్చి బిగిసిపోతాది. మల్లా ఎనక్కి రాదు."

"మలుపు తిరిగితే సాలదు ఎల్లాజీ. ఆ ఎర్రకారు కన్నా ఎక్కువ తిరగాల. మొత్తం తీసెయ్."

తీసేశాడు. స్టీరింగు బండరాయిలా బరువెక్కింది. తిండిపెట్టే బండిని కోయించుకున్నాడని మా పెద్దక్క శైలజ నోరు పారేసుకుంది. అసూయ పట్టినవాడికి పెళ్ళాం మాట చెవికెక్కదు.

మా అమ్మాయి ఝాన్సీకి చెవులు కుట్టించిన రోజున, కావాలనే అందరికన్నా ఆలస్యంగా వచ్చాడు. చుట్టాలంతా అరుగు మీదే ఉన్నారు, చిన్నబావ పట్టుపంచెలో కుర్చీ వేసుకుని కూచున్నాడు. సందు మొదట్లో హారన్ మోగింది. అమ్మ చెంబు పట్టుకుని గేటు దాటింది.

బండి తిరిగింది. నిజం చెప్పాలంటే ఎర్రకారు కన్నా అందంగా తిరిగింది. ముందుభాగం సందులోకి వచ్చేసింది, అక్కడితో స్టీరింగు వదిలేస్తే సరిపోయేది. ఈయన చిన్నబావ కేసి చూస్తూ, ఇంకా తిరుగుతుంది చూడు అన్నట్టు, చివరికంటా తిప్పాడు. టక్కుమని చప్పుడైంది. చక్రాలు అలాగే వంకరగా బిగుసుకుపోయి, బండి సందుకి అడ్డంగా నిలబడిపోయింది.

పెద్దబావ కిందికి దూరాడు. కడ్డీ పట్టుకుని లాగితే కదల్లేదు. అప్పుడు చిన్నబావ లేచొచ్చాడు. పంచె పైకి కట్టి మురిక్కాలవలోకి దిగి, "అన్నియ్యా, నువ్వు లాగు, నాను తన్నుతాను" అన్నాడు. నాలుగు తన్నులకి చక్రం దారిలోకొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికి కొట్టారో పెద్దబావకి తెలుసు.

"అయ్యో నాయినా, ఆ బురదేటి, ఆ పట్టుపంచేటి!" అంటూ అమ్మ వచ్చి, చేతిలో ఉన్న చెంబెడు నీళ్ళూ చిన్నబావ కాళ్ళ మీద పోసేసింది. బండి కింద పడుకున్న మనిషికి ఆ కాళ్ళూ, ఆ నీళ్ళూ తప్ప ఇంకేం కనపడవు. పల్లం అటే కావడంతో నీళ్ళు పారి వెళ్ళి ఆయన మోచేతిని తడిపాయి.

అందరూ లోపలికి పోయారు. పెద్దబావ బయటికి రాలేదు. నేను చెంబు నింపుకుని వెళ్ళి కూచున్నాను.

"రా బావా, కాళ్ళు కడుక్కో. అమ్మ లెక్కలో నువ్వు అల్లుడివి కాదు, కొడుకువి. ఇంటోడికి ఎవులైనా నీళ్ళెట్టుకుని ఎదురొస్తారేటి?"

బావ గ్రీజు పూసిన మొహం చక్రం పక్కనించి బయటికి పెట్టాడు. ఇరవయ్యేళ్ళ కూతురున్న మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు పొయ్యక్కర్నేదు. మీ అమ్మని పిలు."