విజిలు తాకట్టు

ఇల్లు మారేవాళ్ల మాట నమ్మకూడదని విజిలక్క తేల్చుకుని చాలా కాలమైంది. వాళ్లేమీ చెడ్డవాళ్లు కాదు. కానీ ఇల్లు మారుతున్నన్ని రోజులూ బుద్ధిని ఒక పెట్టెలో, జ్ఞాపకాన్ని ఇంకో పెట్టెలో సర్దేసి ఉంటారు. ఆ పెట్టెలు ఎక్కడ పెట్టారో వాళ్లకే తెలియదు. అలాంటివాళ్లకు సామాను అద్దెకివ్వడమే ఆవిడ బతుకుతెరువు కావడం ఆవిడ ఖర్మ.

వీధి మలుపులో ఆవిడకు షట్టరు గది ఒకటి ఉంది. దాన్నిండా తాళ్లు, బెల్టులు, ప్లాస్టిక్ పెట్టెలు, బీరువాలకు గీతలు పడకుండా చుట్టే దళసరి దుప్పట్లు. అన్నిటికీ పెద్ద దిక్కు మెట్ల బండి. దానికి అటు మూడు, ఇటు మూడు చక్రాలుంటాయి. అవి ఒకదాని తర్వాత ఒకటి మెట్టు పట్టుకుని దిగుతాయి కాబట్టి ఎంత బరువైనా కుదుపు లేకుండా కిందికి వస్తుంది. ఊళ్లో అలాంటిది ఇంకొకటి లేదు. అందుకే దాని మీద అందరికీ కన్ను.

తీసుకెళ్లేటప్పుడు "రేపే తెచ్చేస్తామండీ" అని అందరూ అనేవాళ్లే. ఆ రేపు వచ్చేది కాదు. ఆవిడ తాళ్లు ఎవరింట్లోనో బట్టలారేసుకునే దండేలయ్యేవి. దుప్పట్ల మీద కుక్కలు పిల్లల్ని పెట్టేవి. ఫోను చేస్తే ఎత్తరు, ఎత్తితే నీళ్లు నములుతారు. ఒకసారి ఒళ్లు మండి తనే ఒకరింటికి వెళ్లింది. ఇంటాయన ఊళ్లో లేడట, ఇల్లాలికి ఏమీ తెలియదట. పొయ్యి మీద కుక్కరు కనిపించింది. దాని నెత్తిన ఉన్న విజిలు పీకి, కొంగున ముడేసుకుని వచ్చేసింది. మధ్యాహ్నానికల్లా ఇంటాయన రొప్పుకుంటూ బండి తోసుకొచ్చాడు.

ఆనాటి నుంచి అదే పద్ధతి. ఆవిడ దగ్గర ఏది తీసుకున్నా కుక్కరు విజిలు తాకట్టు పెట్టాల్సిందే. సామాను తిరిగొస్తే విజిలు వెళ్తుంది. కలెక్టరు ఇంటి వంటావిడ వచ్చి అడిగినా ఇదే మాట. పేరు కూడా అలాగే స్థిరపడిపోయింది. సొంత పేరు పెట్టి పిలిస్తే ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది.

ఇన్నాళ్లూ ఊరి సామానంతా కదిలించిన మనిషికి సొంత ఇల్లు కదిలించే రోజు వచ్చింది. వాళ్లుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అత్తగారు స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నప్పటి నుంచి కిందికి దిగింది లేదు. ఇంట్లో చేతికర్రతో నాలుగడుగులు వేస్తుంది కానీ మెట్లు ఆవిడ వల్ల కాదు. నలుగురు కలిసి మోద్దామంటే ఆ మెట్లు ఒక్క మనిషి పక్కకు తిరిగి దిగేంత ఇరుకు. కుదుపు తగలకూడదని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. దాంతో అత్తగారు బాల్కనీలో కూర్చుని వీధిలో అందరితోనూ పైనుంచే పోట్లాడుతూ కాలక్షేపం చేస్తోంది. ఆవిడ నేల మీద నడవాలనే కోడలు వెతగ్గా వెతగ్గా వాకిలి ఉన్న ఇల్లొకటి దొరికింది.

ఈ సాయంత్రానికి పాత ఇల్లు ఖాళీ చెయ్యాలి. అత్తగారు దిగాలంటే మెట్ల బండి కావాలి. ఆ మెట్ల బండిని నిన్న పొద్దున గడియారాలు రిపేరు చేసే ఆయన తనూ ఇల్లు మారుతున్నానని పట్టుకుపోయాడు.

ఇవ్వనని విజిలక్క గట్టిగానే చెప్పింది. ఆయన కదలలేదు. "సాయంత్రం అయిదు కొట్టేలోపు మీ గుమ్మంలో ఉంటుందండీ. గడియారాలవాణ్ణి, నాకు టైము గురించి చెప్పాలా?" అని విజిలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ మాటకు పడిపోయినందుకు ఆవిడ తనను తానే తిట్టుకుంది. అయిదు కొట్టింది, ఆరు కొట్టింది. ఆయన ఫోను మోగీ మోగీ ఊరుకుంది.

"బండి రాకపోతే అమ్మని రెండు రోజులు పక్కింటావిడ దగ్గర ఉంచుదాంలే," అన్నాడు మొగుడు హాల్లో పెట్టెలు కడుతూ. "తర్వాత వచ్చి తీసుకెళ్దాం. సామాను మాత్రం ఆగదు కదా."

విజిలక్క పళ్ల మధ్య టేపు పట్టుకుని ఉంది. "ఊఁ," అంది.

తెల్లారి లేచేసరికి ఇంట్లో కుక్కరు విజిలు లేదు.

"రాత్రి నేనే కడిగి పెట్టాను. ఏ పెట్టెలో పడేశారు?" అని మొగుడి మీద విరుచుకుపడింది.

"నేను వంటింట్లోకే రాలేదు."

"మీరు రాకపోతే అది కాళ్లొచ్చి నడిచిపోయిందా?"

"ఊరందరి విజిళ్లూ నీ దగ్గరే ఉన్నాయిగా, ఒకటి పెట్టుకోరాదూ!"

కాలుతున్న ఒంటి మీద పెట్రోలు పోసినట్టయింది. వాటిలో ఏదీ తన కుక్కరుకు సరిపోదని ఆ మనిషికి ఎన్నిసార్లు చెప్పాలి? మంచం మీద అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఎప్పుడూ ఇలాంటి గొడవ మొదలైతే కొడుకు పక్షాన ఒకటి, కోడలి పక్షాన ఒకటి అనే మనిషి ఇవాళ నోరు మెదపలేదు. ఆ సంగతి పట్టించుకునే తీరిక విజిలక్కకు లేదు. ఇంటి ఓనరు పంపిన సున్నాలవాడు అప్పుడే నిచ్చెనేసి గోడ గీకడం మొదలుపెట్టాడు. మొగుణ్ణి సామానుతో కొత్తింటికి తోలి, తను గడియారాలాయన ఇంటికి బయల్దేరింది.

తలుపు తీయగానే ఆవిడ దుప్పట్లే ఎదురొచ్చాయి. కిటికీలకు పరదాలు లేవని వాటినే వేలాడదీశారు. ప్లాస్టిక్ పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి వాటిలో చెప్పులు పెట్టారు. హాలు నడిమధ్యన మెట్ల బండి, దాని మీద బెల్టులతో బిగించి మనిషెత్తు నిలువు గడియారం.

"ఇంకా దింపలేదా?"

"ఏ గోడకు పెట్టాలో తేలలేదండీ," అన్నాడాయన. "నేనేమో గుమ్మానికి ఎదురుగా అంటాను. ఈవిడేమో సోఫా వెనకాల అంటుంది. నిన్నటి నుంచీ అదే పంచాయితీ."

"విజిలు లేకుండా వంటెలా చేసుకున్నారు?"

ఆయన భార్య గర్వంగా నవ్వింది. "కొత్తింటికి కొత్త కుక్కరు కొన్నామండీ. పాతది పైన పడేశాం, అటక మీద."

విజిలక్క తలెత్తి అటక వైపు చూసింది. ఇన్నేళ్ల పద్ధతి, ఇంత పేరు, అన్నీ కలిసి ఆ అటక ఎక్కి కూర్చున్నాయి. తన ఇంట్లో ఒక ముసలి ప్రాణం ఎదురుచూస్తుంటే వీళ్లు గోడ కోసం కొట్టుకుంటున్నారు. గిర్రున తిరిగి గుమ్మం వైపూ సోఫా వైపూ చూసింది.

"ఇదిగో, ఈ గోడ. పట్టండి అటు!" అంది.

ఆ గొంతుకు మొగుడూ పెళ్లాం ఇద్దరూ పట్టారు. గడియారం దిగింది, సోఫా వెనకాల. అది నిన్న సాయంత్రం నుంచీ నాలుగింటి దగ్గరే ఆగి ఉంది.

"చూశారా, నా లెక్కన ఇంకా అయిదు కాలేదు," అని ఇకిలించబోయాడాయన. ఆవిడ చూసిన చూపుకు ఆ నవ్వు సగంలోనే ఆగింది.

బండి తోసుకుంటూ వచ్చేసరికి మొగుడు కొత్తింటి నుంచి తిరిగొచ్చి ఉన్నాడు. పాత ఇంట్లో మంచం కూడా వెళ్లిపోయింది. ఖాళీ గదిలో ఒక కుర్చీ, కుర్చీలో అత్తగారు. సున్నాలవాడి దుమ్ము ఆవిడ నెత్తి మీద పడుతోంది. విజిలక్క కొంగుతో దులిపి, కుర్చీని బండి మీదికెత్తి బిగించి, ఆవిడకు అటూ ఇటూ దిండ్లు పెట్టి బెల్టు వేసింది.

"బీరువాని కట్టినట్టు కడుతున్నావేమే!" అంది అత్తగారు.

"బీరువా అయితే ఇంత మాట్లాడదు అత్తయ్యా. మెట్ల మీద గోడ పట్టుకోకండి, చేతులు ఒళ్లో పెట్టుకోండి."

అత్తగారు ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. కుడి చెయ్యి కొంగులోనే ఉంచింది. మొగుడు పైనుంచి పట్టుకుంటే కోడలు కిందినుంచి ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ వెనక్కి దిగింది. మలుపు తిరిగిన ప్రతిసారీ ఆగి చక్రాలు సరిచూసుకుంది. అత్తగారు మాత్రం తలుపులు తీసి చూస్తున్న వాళ్లందరికీ "వెళ్తున్నాం, వెళ్తున్నాం" అని పెళ్లికి బయల్దేరినట్టు చెప్పుకుంటూ దిగింది.

కొత్తిల్లు రెండు సందుల అవతలే. అలాగే వీధి వెంట తోసుకుపోయి హాల్లో నిలబెట్టారు. పొద్దుట్నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ పడలేదు. విజిలక్క పొయ్యి మీద కుక్కరు పెట్టి, పెట్టెలన్నీ గాలించి, చివరికి వంటింటి గుమ్మంలో నిలబడి మళ్లీ మొగుడి మీద లేచింది.

"ఆ విజిలు ఏ గంగలో కలిపారో చెప్తారా చెప్పరా?"

"వాణ్ణి తిట్టకు. నా దగ్గరుంది," అంది అత్తగారు. కొంగులోంచి కుడి పిడికిలి బయటికి తీసింది, కానీ విప్పలేదు.

"మీ దగ్గరా? ఎందుకత్తయ్యా?"

"నిన్న సాయంత్రం వాడు నన్ను పక్కింట్లో ఉంచుదామన్నాడు. వాడి సంగతి వదిలెయ్, వాడెప్పుడూ అంతే. నువ్వు కాదంటావేమోనని చూశాను. నువ్వు ఊఁ అన్నావు."

విజిలక్క నోరు తెరిచింది. నోట్లో టేపు ఉందని చెప్పొచ్చు. అలసిపోయి అన్నానని చెప్పొచ్చు. కానీ ఆ నిమిషంలో అమ్మయ్య, ఒక బరువు తగ్గింది అనుకున్న మాట నిజం. అది గుర్తొచ్చి సిగ్గుతో ఆవిడ ముఖం కందిపోయింది.

"తాకట్టు లేకపోతే ఎవరూ తిరిగి రారని నువ్వే కదటే అంటావు," అంది అత్తగారు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. రాత్రంతా పడిన భయం ఉంది.

కోడలు మోకాళ్ల మీద కూర్చుని బెల్టులు విప్పింది. చేతికర్ర అందించి, చెయ్యి పట్టుకుని నేల మీద నిలబెట్టింది. ఇద్దరూ మెల్లగా వాకిలి పక్క గదిలోకి నడిచారు. అక్కడ మంచం మీద మొగుడు ముందే పక్క పరిచి ఉంచాడు. అత్తగారు మంచం పట్టె తడిమి, కిటికీలోంచి వీధి చూసి, కూర్చుంది. అప్పుడు పిడికిలి విప్పింది. అరచేతిలో విజిలు అచ్చు ఎర్రగా దిగిపోయి ఉంది.

"ఇంద," అంది. "సామాను చేరిందిగా."