మొదటి నెంబరు

ఆళ్లగడ్డ దగ్గర మా పసుపు తోటలో బోరు మోటారుకు ఒక మొబైల్ స్టార్టరు ఉంది. ఇనుప పెట్టె, దాని లోపల ఒక సిమ్. దానికి ఫోన్ చేస్తే రెండు రింగులు మోగి కట్ అవుతుంది, మోటారు తిరుగుతుంది. మళ్లీ చేస్తే ఆగుతుంది. మూడు నెంబర్ల మాటే వింటుంది. బిగించిన రోజు వాటిని ఎక్కించింది నేనే: ఒకటి జేజినాయనది, రెండు నాయనది, మూడు నాది. తోటల మోటార్లకు వేళ ప్రకారం ఇచ్చే త్రీఫేజు కరెంటు రాగానే అది తనంతట తానే మొదటి నెంబరుకు ఫోన్ చేసి, రికార్డు చేసిన ఆడగొంతుతో "కరెంటు వచ్చింది" అని చెబుతుంది.

జేజినాయన, అంటే నాయన వాళ్ల నాయన, ఆ ఫోన్ రాగానే మోటారు వేసేవాడు. ఒక నిమిషం తిరగనిచ్చి ఆపేవాడు. మళ్లీ వేసేవాడు. పైపులో గాలి పోవాలంటే అట్లే చేయాలని ఆయన నమ్మకం. అవసరం లేదని నేను డిప్లొమా చదివేటప్పుడే చెప్పాను. "నీ సదువు పైపుకు తెల్దులేప్పా," అన్నాడు.

ఆయన పోయాక ఆ ఫోన్ వంటింటి గూట్లో ఉండిపోయింది. చార్జింగు పెట్టేది జేజి, అంటే నాయన వాళ్లమ్మ. కరెంటు వచ్చినప్పుడల్లా అది మోగేది. జేజి ఎత్తి, ఆ రికార్డు గొంతును చివరిదాకా విని, "సరేమ్మా" అని పెట్టేసి, నాయనకు కేక వేసేది. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత ఎందుకో, అది మోగే వేళకు జేజి తప్ప ఎవరమూ వంటింట్లో ఉండేవాళ్లం కాదు.

నేను నంద్యాలలో ఒక విత్తనాల ప్లాంటులో ఎలక్ట్రికల్ పని చూస్తాను. ఇంటికి సంబంధించి మొత్తం ఐదు సిమ్‌లు. ఒక్కోటి ఒక్కో తేదీన అయిపోయేది. ఒక ఆదివారం ఇంటికి వచ్చి, కాగితం మీద గళ్లు గీశాను. నెల ప్రీపెయిడ్, ఏడాది ప్రీపెయిడ్, ముగ్గురికీ కలిపి ఒకే బిల్లు వచ్చే పోస్ట్‌పెయిడ్, సిమ్ బతికి ఉండటానికి మాత్రం వేసే చిన్న ప్యాక్. ఎన్ని రోజులు, ఎంత డేటా, తోటలో సిగ్నల్ ఎట్లా ఉంటుంది, ఎవరికి అవసరం. నాకు, నాయనకు, అమ్మకు కలిపి పోస్ట్‌పెయిడ్ అని తేలింది. మోటారు సిమ్‌కు ఏడాది ప్యాక్. జేజినాయన నెంబరు ఎదురుగా, 'అవసరం' అనే గడిలో, అడ్డగీత పెట్టాను.

జేజి కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది. "ఆ గీత ఏందిరా?"

"జేజినాయన నెంబరు. ఇంక రీచార్జి వద్దు జేజీ."

"ఆయమ్మ రోజూ చేస్తాది గదా. ఎవురికి చెప్పుకోవాల?"

"అది మిషను జేజీ. ఆయమ్మ ఎవరూ లేదు."

"లేకుంటే రోజూ ఎవురు మాట్లాడతాండారు నాతో? చిన్నది ఉంది గదా, అది వెయ్."

"వాడకం లేనిదానికి ఎందుకు?"

"నేనూ వాడకం లేనిదాన్నే. నాకు పొద్దున్నే కాఫీ ఎందుకు పోస్తాండారు మరి?"

నాయన పక్కనుంచి, "వాని లెక్కలు వానివి, ఇడ్సిపెట్టుమా," అన్నాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఐదు సిమ్‌ల సంగతీ ఆ కాగితం మీద ఉంది. స్టార్టరు పెట్టెలో ఎక్కించిన మూడు నెంబర్ల సంగతి లేదు. మొదటి స్థానంలో ఉన్న నెంబరు మార్చాలన్నది నాకు తట్టలేదు.

గడువు తీరాక గూట్లోని ఫోన్ మోగడం మానేసింది. జేజి చార్జింగు మాత్రం మానలేదు.

కొన్ని నెలల తర్వాత నాయన నాకు ఫోన్ చేశాడు. "మోటారు నువ్వు వేసినావా?"

"లేదు నాయనా. డ్యూటీలో ఉండా."

"అయితే దానంతటదే పడింది. పడింది, ఆగింది, మళ్లా పడింది. నిమిషం సందు."

నేను పెట్టెలో మోటారును వేసి ఆపే రిలే బోర్డు మార్చాను. అయినా ఆగలేదు. సెలవు పెట్టి వచ్చి, ఒక చేతిలో నాయన ఫోన్, ఒక చేతిలో నాది పట్టుకుని పెట్టె ఎదురుగా నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం. కరెంటు దీపం వెలిగింది. కొన్ని నిమిషాలు ఏమీ జరగలేదు. తర్వాత పెట్టెలో టక్కుమంది. పైపు రెండుసార్లు దగ్గి నీళ్లు పోసింది. నిమిషానికి మళ్లీ టక్కుమంది. నీళ్లు పైపులోంచి కిందికి జారిపోతున్న చప్పుడు వినిపించింది. మళ్లీ టక్కు. నీళ్లు.

రెండు ఫోన్లూ నా చేతుల్లోనే ఉన్నాయి. ఎవరు వేశారో స్టార్టరును మెసేజి పెట్టి అడగవచ్చు. అడగలేదు. మూడు నెంబర్లలో రెండు నా దగ్గరున్నాయి, మిగిలింది చచ్చిపోయిన నెంబరు. ఇంక అడిగేదేముంది అనుకున్నాను. నాయన గట్టు దిగకుండా దూరంగానే నిలబడి, "గాలి తీస్తాండాడు," అన్నాడు.

ఇదంతా ఇట్లా ఉండగా బోరు దగ్గర కేబుల్ జాయింటు కాలింది. మా దిక్కు తోటల్లో వైరు ముట్టుకునే ముందు ఫీజులు పీకి కరెంటు ఆపుకునే అలవాటు తక్కువ. లైను వేళలు చూసుకుని చేస్తారు. ఆ వారం మాకు పన్నెండు దాటాకే కరెంటు. నాయన పదకొండు గంటలకు జాయింటు విప్పి, మూడు వైర్లూ తోలు గీకి గడ్డిలో పెట్టుకుని కూర్చున్నాడు. మోటారు వేస్తేనే ఆ వైర్లలోకి కరెంటు వస్తుంది. నాతో చెప్పలేదు. ఆ రోజు కరెంటు ముందే వచ్చింది. నేను నంద్యాలలో టీ తాగుతూ స్టార్టరుకు మెసేజి పెట్టాను. కరెంటు ఉందని బదులొచ్చింది. మోటారు వేశాను.

కాసేపటికి నాయన ఫోన్.

"మోటారు వేసింది ఎవరురా?"

"నేనే."

"ఆపింది?"

"నేను ఆపలేదే. ఏమైంది నాయనా?"

"వైర్లు పట్టుకోబోతాంటే తడి గడ్డిలో ఒకటి చిటపటమనింది. అప్పటికే చెయ్యి చాపినా. చాపిన చెయ్యి తగలనే తగిలింది. ఏమీ కాలేదు. తగిలే పాటికి కరెంటు లేదు."

నా చేతిలోని గ్లాసు కింద పెట్టి, అప్పుడు అడిగాను స్టార్టరును. బదులు రెండు వరుసల్లో వచ్చింది. ఆన్: మూడో నెంబరు. ఆఫ్: మొదటి నెంబరు. మధ్యలో పది సెకన్లు కూడా లేవు.

ప్లాంటు వెనక గోడ నీడలోకి వెళ్లి ఆ నెంబరుకు చేశాను. స్క్రీను మీద 'జేజినాయన' అని పడింది. నాలుగు రింగుల తర్వాత ఎత్తారు. వెనక రాయి కోసే మిషను రొద. ముసలి గొంతు. "ఎవరప్పా?"

ఇది ఒకప్పుడు మా జేజినాయన నెంబరని చెప్పాను. ఆయన బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీ వాచ్‌మన్. కొత్త సిమ్ అడిగితే ఈ నెంబరు ఇచ్చారట. నేను గీత పెట్టి వదిలేసిన నెంబరు మళ్లీ అమ్మకానికి వచ్చిందన్నమాట.

"ఒకాయమ్మ రోజూ చేస్తాది. కరెంటొచ్చిందంటాది. మాకు ఈడ కరెంటు పోనే పోదు. ఎవరమ్మా నువ్వు అని మళ్లా చేస్తే రెండు రింగులకే కట్ చేస్తాది."

"ఎన్ని తూర్లు చేస్తావు పెద్దాయనా?"

"మూడు తూర్లు. నిమిషం సూసి ఒకటి, నిమిషం సూసి ఒకటి. మూడుకూ పలకకుంటే ఇడ్సిపెడతా."

నేను లెక్క వేసుకున్నాను. రోజూ మూడు: ఆన్, ఆఫ్, ఆన్. ఈ రోజు నాది ముందు పడింది కాబట్టి ఆయన మొదటిది ఆఫ్. రెండోది చేసి ఉంటే మళ్లీ ఆన్ అయ్యేది. అప్పుడు నాయన చేతిలో మూడు వైర్లూ ఉండేవి.

"ఈ పొద్దు ఎన్ని తూర్లు చేసినావు?"

"ఒక్క తూరే."

"ఎందుకు?"

"ఏమోప్పా. మళ్లా చేద్దామని నొక్కబోయినా. ఎవురో వద్దన్నట్లయింది. జేబులో ఏసుకున్నా."

ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి స్టార్టరులోంచి ఆ నెంబరు తీసేశాను. ఒక కొత్త సిమ్ కొని, కాగితంలో నేను అక్కర్లేదని వదిలేసిన ఆ చిన్న ప్యాకే వేసి, గూట్లోని ఫోన్‌లో పెట్టి, దాన్ని మొదటి నెంబరుగా ఎక్కించాను. మరుసటి రోజు అది మోగింది. జేజి ఎత్తి, విని, "ఇన్నాళ్లు యాడికి పోయినావమ్మా?" అంది. నాయన ఇప్పుడు ఫీజులు పీకి జేబులో వేసుకున్నాకే వైరు ముట్టుకుంటాడు.

జేజినాయన పేరుతో ఉన్న ఆ నెంబరును నా ఫోన్‌లోంచి తీసేయలేదు. పేరూ మార్చలేదు. రెండు మూడు వారాలకు ఒకసారి, డ్యూటీలో ఉండగా, ఆ పేరు స్క్రీను మీద వెలుగుతుంది. మొదటి రింగుకు ఎప్పుడూ ఎత్తలేను.

"ఆయమ్మ ఇప్పుడు నాకు చెయ్యడంలేదప్పా," అంటాడు ముసలాయన. "మీకు కరెంటొచ్చిందా?"

"వచ్చింది," అంటాను. ఆ వెంటనే నాయనకు ఫోన్ చేసి, ఎక్కడున్నాడో, ఫీజులు ఎక్కడున్నాయో కనుక్కుంటాను.