రేడియేటర్‌లో చిక్కుకున్న గాలి

మొన్న కారు సర్వీసుకిచ్చి వెయిటింగ్ రూంలో కూర్చుంటే, మెకానిక్కులు తలుపు తీసినప్పుడల్లా లోపలినుంచి ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ తాలూకు తియ్యటి వాసన వచ్చింది. మన వయసు వాళ్ళకి వాసనలు ఊరికే పోవు కదా, చేతిలోని పత్రిక పక్కనపెట్టి నేను ఇరవై ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోయాను.

అప్పట్లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో, రేడియేటర్ ఇంజిన్‌ని ఎంతమేరకు చల్లబరుస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా ఉద్యోగం. అయితే అసలు రేడియేటర్‌ని చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. పొయ్యి వెలిగించకుండానే వంటల పుస్తకం రాసేవాళ్ళలాంటిదాన్ని. ఆ వేసవిలో నా లెక్క చెప్పినదానికన్నా టెస్ట్ ఇంజిన్ బాగా వేడెక్కడం మొదలుపెట్టింది. తప్పెక్కడుందో సోమవారంలోగా చెప్పమన్నాడు మేనేజర్. మావారు నా వీసా మీద డిపెండెంట్‌గా ఉన్న రోజులవి, నా ఉద్యోగం పోతే ఇద్దరం పెట్టె సర్దుకోవలసిందే.

శనివారం పొద్దున చెత్త డబ్బా బయట పెడుతుంటే పక్కింటావిడ గ్యారేజీ తెరిచి ఉంది. అరవై దాటిన మనిషి, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయింది, ఆదివారాలు మట్టిబాటల్లో డర్ట్ బైక్ నడిపేది. ఆ బైక్‌ని స్టాండెక్కించి కింద బేసిన్ పెట్టి, ఇంజిన్‌కున్న నీళ్ళ పంపు దగ్గర చిన్న బోల్టు విప్పుతోంది. బైక్‌కున్న చిన్న రేడియేటర్ మూత తీయగానే టీ డికాషన్ రంగు ద్రవం బుడబుడా దిగింది. ఆకుపచ్చగా ఉండాలి కదా అన్నాను. కొత్తది అలాగే ఉంటుంది, లోపల నీ వయసంత తుప్పు పేరుకుంది అని నవ్వి, నాకూ ఒక జత గ్లవ్స్ అందించింది.

డిస్టిల్డ్ వాటర్ పోయడం, కాసేపు ఇంజిన్ నడపడం, పూర్తిగా చల్లారాక వంపేయడం. నీళ్ళు తేటగా వచ్చేదాకా మూడుసార్లు చేశాం. మధ్యలో మావారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“రిపోర్ట్ సబ్మిట్ చేయాలన్నావ్, ఇక్కడేం చేస్తున్నావ్?”

“రేడియేటర్ ఫ్లష్ చేస్తున్నామండీ, మీరూ రండి.”

ఆయన తల పట్టుకుని వెళ్ళిపోయారు.

కొత్త కూలెంట్ అంచుదాకా పోశాక పని అయిపోయిందనుకుని నేను మూత అందుకోబోతే, ఆవిడ ఆపింది. బైక్‌ని ఎడమకీ కుడికీ వంచుతూ రబ్బరు గొట్టాలను మెల్లగా నొక్కమంది. నొక్కానో లేదో బుడగలు పైకొచ్చి, నిండుగా ఉన్న కూలెంట్ బెత్తెడు కిందికి దిగింది.

“గాలి చిక్కుకుందంటే అక్కడికి కూలెంట్ చేరదు తల్లీ. నిండిందనుకుంటావు, ఇంజిన్ మాత్రం కాలిపోతుంటుంది,” అంది తన ఇంగ్లీషులో.

ఇంకా ఆవిడ ఏదో చెబుతూనే ఉంది, నాకు వినబడలేదు. గొట్టాల నిండా కూలెంటే ఉంటుందని నమ్మి కట్టిన లెక్క నాది.

సోమవారం టెస్టింగ్ గదికి వెళ్ళి, గాలి తీశారా అని అడిగాను. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నానని అక్కడి టెక్నీషియన్ చిరాకుపడ్డాడు గానీ, అన్నిటికన్నా ఎత్తులో ఉన్న గొట్టం వదులుచేశాడు. బుస్సుమని గాలి పోయింది. మధ్యాహ్నానికి వేడి దాదాపు నా అంకెదాకా దిగింది. మిగిలిన కొద్ది తేడా నా తప్పే, దాన్ని సరిచేయడానికి ఇంకో నెల పట్టింది. ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత ఏ లెక్క కట్టినా ముందుగా వెళ్ళి ఆ వస్తువుని చేత్తో తాకి చూడటం అలవాటైపోయింది.

రెండేళ్ళకి ఆవిడ ఇల్లమ్మేసి, బైక్‌ని ట్రైలర్ మీద కట్టుకుని అరిజోనాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఏది పాడైనా ఫోన్‌లో వీడియో చూసి నేర్చుకుంటున్నాం, అదీ బాగానే ఉంది. కానీ మా వీధిలో గ్యారేజీ తలుపులు కారు వెళ్ళేంతసేపే తెరుచుకుని మూసుకుంటాయి, పక్కింటివాళ్ళ పేర్లేమో పొరపాటున మా గుమ్మంలో వదిలేసిన పార్సిళ్ళ మీద చదివి తెలుసుకుంటున్నాను.