రివర్స్ గేర్ లింగన్న, మా చిన్నబాపు

మా ఇంట్ల నాకున్న పేరు ఏందో తెలుసా? ఏడ నిలువని పిల్ల.

అందుకే నిన్న నాకు అసలు సంగతి చెప్పలే. "చిన్నబాపుకు జర పానం మంచిగ లేదట, భూపాలపల్లి పోయొద్దాం నడువు" అన్నరు. చెప్తే నిలువక ఆగమాగం చేస్తనని వాళ్ళ భయం.

జనగామల కారెక్కినం. పరకాల దాటినంక ఫోన్ తీసిన.

ఫ్యామిలీ గ్రూప్‌ల చిన్నబాపు ఫొటో. దానికి దండ. కింద వరుసగ చేతులు జోడించిన ఎమోజీలు.

నేను ఆగమాగం చెయ్యలే. ముందు సీట్ల కూసున్న బాపు మెడ దిక్కే చూసుకుంట కూసున్న. పోయింది ఆయన తమ్ముడు. ఆయన గూడ ఏడుస్తలేడు.

హార్ట్ ఎటాక్. దవాఖానకు తీస్కపోయే లోపలనే.

బయటోళ్ళకు మా చిన్నబాపు రాజలింగం. బొగ్గుబాయిల రెస్క్యూ టీం కెప్టెన్‌గ చేసిండు. బాయిల పొగ లేసినా గ్యాస్ లేసినా మూతికి మాస్కు, ఈపుకు ఆక్సిజన్ సెట్టు కట్టుకొని లోపలికి పోయేటోళ్ళు. వాళ్ళకు ఒక రూల్ ఉంటది. లోపల ఒక్కరికి ఇబ్బందైనా టీం మొత్తం ఎనకకు రావాలె. ఒక్కన్నే ఎనకకు పంపుడు ఉండదు.

బాయి పనోళ్ళ క్వార్టర్స్‌ల మాత్రం ఆయన పేరు రివర్స్ గేర్ లింగన్న.

నేను స్కూల్ల ఉన్నప్పటి ముచ్చట. రెస్క్యూ టీంలకు పోటీలు పెట్టిన్రు. పొగ నింపిన సొరంగం లోపలికి పోయి, ఒక బొమ్మ మనిషిని స్ట్రెచర్ మీద మోసుకొని బయటికి రావాలె. మావోళ్ళే ముందున్నరు. ఇంకొక్క మలుపు తిరిగితే బొమ్మ దొరుకుతది, కప్పు మనదే.

గప్పుడే సమ్మయ్య అన్న నడక తడబడ్డది. టీంల అందరికన్న చిన్నోడు ఆయన. చెయ్యి ఎత్తలే, సైగ చెయ్యలే. చిన్నబాపే చూసిండు. టీం మొత్తాన్ని ఎనకకు మలిపిండు.

కప్పు పోయింది.

సమ్మయ్య అన్న సెట్టు చెక్ చేస్తే ఏ లోపం లేదు. వట్టిగ భయపడ్డడు, గంతే.

ఇగ చూడున్రి. ఛాయ్ హోటల్ కాడ, పెండ్లిళ్ళల్ల, ఏడ దొరికితే ఆడ. "ఏం లింగన్నా, ఇంటికి ముంగటికి నడుస్తున్నవా, ఎనకకు నడుస్తున్నవా?" మా బాపు గూడ నవ్వేటోడు.

చిన్నబాపు ఒక్కటే అనేటోడు. "సెట్టు మంచిగుంటే మనిషి మంచిగున్నట్టేనారా?"

ఎవని వల్ల పోయిందే కప్పు అని గుచ్చి గుచ్చి అడిగితే, "టీం పోయింది, టీం వచ్చింది" అనేటోడు.

మొన్నామధ్య నేను హైదరాబాద్‌ల జాబ్ ఇడిసిపెట్టి వచ్చిన. ఏడ నిలువని పిల్ల ఇంకోసారి నిలువలే అనుకున్నరు మా ఇంట్ల. ఎందుకని ఒక్కరు అడగలే. "మూణ్ణాళ్ళ ముచ్చటేనని నాకు ముందే ఎరుక" అన్నది అమ్మ.

చిన్నబాపు కాడికి పోతే ఆయన అడిగిన మొదటి మాట ఇది.

"ఎవలికి ఊపిరాడలే బిడ్డా?"

చెప్పిన. మా టీంల శిరీష అని గంగారం ఊరి పిల్ల. అందరం కలిసి చేసిన పని చెడిపోతే, తప్పు ఆమె ఒక్కదానిదే అని కాయితం రాసి మమ్మల్ని సంతకం పెట్టమన్నరు ఆఫీసోళ్ళు. తక్కినోళ్ళు పెట్టిన్రు. నేను పెట్టలే. ఆమెను తీసేసినంక నేను గూడ వచ్చేసిన.

చిన్నబాపు ఛాయ్ గిలాస నా ముందటికి జరిపిండు.

"అయితే మీ టీం ఇద్దరే అన్నట్టు" అన్నడు. "ఛాయ్ సల్లారుతాంది, తాగు."

నా గురించి సరైన ప్రశ్న అడిగిన మనిషి ఆయనొక్కడే. నిన్నటితోని ఆయన గూడ లేడు.

పోయిన వారం ఆఫీసోళ్ళు మళ్ళ పిలిచిన్రు. ఇప్పటికైనా గా సంతకం పెడితే సోమవారం నుంచి రావచ్చట. ఇంట్ల అందరు పొమ్మనుడే. నిన్న కార్ల, చావుకు పోతున్న కార్ల గూడ, "సోమవారం లోపు తిరిగొద్దాం, దీని జాబ్ ఉన్నది" అన్నది అమ్మ.

ఇయ్యాల పొద్దుగాల పాడె లేపిన్రు. నలుగురూ పాత రెస్క్యూ టీమోళ్ళే. ముందట ఒక భుజం సమ్మయ్య అన్నది. ఇప్పుడు ఆయన నెత్తి గూడ నెరిసింది.

క్వార్టర్స్ గేటు దాటంగనే ఆయన నడక తడబడ్డది. ఏడుపుకు ఊపిరి అందుతలేదు.

పక్కన సుట్టం ఒకాయన, "నువ్వు తప్పుకో, నేను పట్టుకుంట. ఎండ అయితాంది, జల్ది నడువున్రి" అన్నడు.

తక్కిన ముగ్గురు ఉన్నకాడనే నిలవడ్డరు.

డప్పులు ఆగినయి. ఎనక నడుస్తున్న మేమంత ఆగినం. సమ్మయ్య అన్నకు ఊపిరి అందేదాక చిన్నబాపు గట్లనే వాళ్ళ భుజాల మీద ఉన్నడు.

ఎవ్వలూ రివర్స్ గేర్ అనలే. మా బాపు తల దించుకున్నడు.

"పోదాం" అని సమ్మయ్య అన్న అన్నంకనే అందరం నడిచినం.

చిన్నబాపూ, ఎనక ఎవలు ఆగిపోయిన్రో తిరిగి చూసే పని ఇగ నీకు లేదు. నిమ్మళంగ పండుకో.

సోమవారం నేను ఆఫీసుకు పోతలేను. సంతకం పెడ్తలేను.