బాపు వేలు ఇడువని తాబేలు

తెలంగాణ బంద్ నాటి సంగతి. నేనప్పుడు డిగ్రీ చదువుతున్న. దంతాలపల్లి దగ్గర మా ఊర్ల, అడుగంటిన కుంట బురదల చేపలు పడుతున్న మా బాపు చేతి బొటనవేలును మెత్తటి డొప్ప తాబేలు కరిచి పట్టింది. గుంజినకొద్దీ బిగించింది. నేను కత్తితోని దాని మెడ కొయ్యబోతే, మెడతోపాటు వేలును గూడ డొప్పలకు గుంజుకుంది. బాపు బొబ్బ పెట్టిండు.

బస్సుల్లేవు. తాబేలుతో సహా బాపును సైకిల్ మీద కూసోబెట్టుకుని దవాఖానకు తొక్కిన. రాస్తారోకో కాడ జనం చూసి నవ్విండ్రు. తొవ్వ ఇయ్యమని ఏడ్చుకుంట మొక్కిన.

రోడ్డు మీద కూసున్న ఒక అవ్వ లేచొచ్చింది. "గుంజకు బిడ్డా, నీళ్లల్ల ముంచు. అదే ఇడుస్తది."

ఆడ జనం కోసం పెట్టిన తాగేనీళ్ల డ్రమ్ముల బాపు చెయ్యి ముంచినం. జరసేపటికి తాబేలు నోరు తెరిచింది. నవ్వినోళ్లే బాపును ఎత్తుకుని దవాఖానకు ఉరికిండ్రు.

వేలు దక్కింది గానీ వంగదు. ఆ అవ్వ పేరు అడిగే సోయి గూడ నాకు ఆనాడు లేకపాయె.